రంగూన్ కాంపౌండరు వ్యాకరణం

మొన్న మా తమ్ముడు కడప నుంచి వచ్చాడు. కాఫీ తాగుతూ వానలు లేవన్నాడు, మా పాత వీధిలో ఇళ్లు పడగొట్టి అంగళ్లు కడుతున్నారన్నాడు, ఆ వరసలోనే "మీ రంగూన్ కాంపౌండరు పోయినాడక్కా, రెండు నెలలాయె" అన్నాడు. అంగళ్లకూ మనిషికీ మధ్య కనీసం ఒక గుక్క కాఫీ అయినా తాగి ఉండాల్సింది. నేను కసిరాను. "నీకేమైతాడు ఆయన?" అని వాడు తెల్లబోయాడు.

ఏమీ కాడు. నేనూ ఆయనకు ఏమీ కాను. కానీ దాదాపు రెండేళ్లు ఆయన మాట ఆ ఇంట్లో ఒక గడప దాటాలంటే నా నోటి మీదుగా దాటవలసిందే. ఈ ముక్క మా తమ్ముడికి చెప్తే నవ్వుతాడు. అందుకని రాస్తున్నాను.

ఆయన ఏ ఊళ్లో పుట్టాడో, ఎంతవరకు చదివాడో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన చూపుడువేలు. ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆ వేలు ఎత్తి, "నిలు నిలు, ఆ మాట ఇంకోసారి అను. నాలుక యాడ తగిలిందో చూస్తా" అనేవాడు. పగలంతా డాక్టరు దగ్గర మందులు కలిపే మనిషి కాబట్టి జనం అలవాటుగా నోరు తెరిచేవాళ్లు. జబ్బు చూస్తున్నాడనుకునేవాళ్లు. ఆయన చూసేది నాలుక కొన పళ్లకు తగిలిందా, అంగిట్లో తగిలిందా అని. మా వీధి చివర అద్దకం పని చేసే సాయిబు ఒకసారి అలా నోరు తెరిచి నిలబడి, చాలాసేపటికి, "ఏమప్పా, నాకేమైనా రోగమా?" అని భయంగా అడిగాడు. "రోగం కాదులే. నీ గొంతులోంచి వచ్చే ఆ అక్షరం మా అత్త మాటలో కూడా ఉండాది. శానా బాగుండాది" అని ఈయన భుజం తట్టి పోయాడు. సాయిబు ఆ రోజంతా గొంతు తడుముకుంటూనే ఉన్నాడు.

రాష్ట్రం విడిపోయి కర్నూల్లో గుడారాల కింద కచేరీలు నడిచిన రోజులవి. నేను కడపలో ఆడపిల్లల హైస్కూల్లో చేరి ఏడాదయింది. బి.ఏ. చదివిన ఆడది ఒంటరిగా ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటే వీధి ఏమనుకుంటుందో నాకు తెలుసు. నేను వీధిని ఏమనుకునేదాన్నో వీధికీ తెలుసు, ఎందుకంటే నేను దాచుకోలేదు. కాంపౌండరు ఇల్లు మా ఇంటి ఎదురుగా ఉండేది. ఆ ఇంట్లో ఇద్దరే. ఆయన, ఆయన అత్త. భార్య లేదు.

అత్తను వీధంతా బర్మా అవ్వ అనేది. నా భుజం దాకా వచ్చే మనిషి, చదునైన ముఖం, చెవులకు వెండి గొట్టాలు. మాట్లాడితే మాత్రం అచ్చం కడప. "యాడికి పోతాండావు పాపా, ఎండ మాడిపోతాంటే" అని కిటికీలోంచి పలకరించేది. యుద్ధం రోజుల్లో బర్మా ఖాళీ అవుతుంటే ఆయన భార్యతోనూ, భార్య తల్లితోనూ కొండల మీదుగా నడిచి వచ్చాడు. భార్య దారిలో జ్వరంతో పోయింది. మిగిలిన ఇద్దరూ కడప చేరారు. అవ్వ పుట్టింది ఎగువ బర్మా కొండల్లో. ఆ మాట మాట్లాడే పల్లెలు నాలుగో అయిదో ఉండేవట. యుద్ధంలో అవి చెదిరిపోయి, మిగిలిన వాళ్లు కింది ఊళ్లలో కలిసి అక్కడి మాట పట్టుకున్నారని ఆయనకు రంగూన్ నుంచి ఎవరో రాశారు. ఆ భాషకు పేరేమిటని నేను అవ్వను అడిగితే, "పేరేంది? అది మాట. తక్కినవన్నీ వేరే వాళ్ల మాటలు" అంది. చీనా, టిబెట్, బర్మా భాషల కుటుంబంలోదని ఆయన చెప్పేవాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు గొప్పింటి సంబంధం గురించి చెప్తున్నట్టు గొంతు సవరించుకునేవాడు.

ఆ మాటకు ఆయన వ్యాకరణం రాస్తున్నాడు.

రాసే పద్ధతి చూడాలి. వాళ్ల ఇంటి ముందరి పడసాలంతా కడప నల్లబండలు పరిచి ఉండేది. కాగితం మీద తప్పు రాస్తే కొట్టేయాలి, బండ మీదైతే తుడిచేయొచ్చు అని ఆయన సుద్దముక్కతో బండల మీద రాసేవాడు. తెలుగు అక్షరాలే. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో పైన చిన్న గీతలు. ఒక్కో బండ ఒక్కో క్రియకు. ఇంటికి ఎవరైనా వస్తే గోడ వెంబడి నడవాలి. ఒకసారి పాలామె నడిమధ్యకు వచ్చేస్తే ఆయన లేచి చేతులు అడ్డం పెట్టి, "అమ్మా, ఆ బండ తొక్కొద్దు, అది రేపటి తినడం" అన్నాడు. ఆమె చెంబు అక్కడే దించి వెళ్లిపోయింది. పొద్దు గుంకేదాకా చెరగకుండా నిలిచిన వాక్యాలు నోటుబుక్కులోకి ఎక్కేవి. మందు సీసాలకు మోతాదు పట్టీలు కత్తిరించి అంటించే చెయ్యి కదా, ఆ రాత గింజలు పేర్చినట్టుండేది.

ఆ భాషలో ఊరికే పోవడమన్నది లేదట. ఎక్కి పోవడం, దిగి పోవడం, అడ్డంగా పోవడం, మూడూ వేరు. కొండ మీద పుట్టిన మాట. చదునైన కడపలో ఏది ఎక్కడం, ఏది దిగడం అని ఆయన వారం రోజులు కొట్టుకున్నాడు. చివరికి అవ్వే తేల్చింది. పాలకొండల వైపు పోతే ఎక్కడం, పెన్న వైపు పోతే దిగడం, నేను బడికి పోవడం అడ్డం. నా ఉద్యోగం అడ్డంగా పోవడమేమిటని నేను ఆమెతో చాలాసేపు వాదించాను.

ఇక నా నోటి సంగతి. అవ్వ ఎప్పుడూ లోపలి గది తలుపు చాటున కూర్చునేది. అల్లుడి ఎదుటికి వచ్చేది కాదు, అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. మేనరికాల సీమలో చాలామందికి అత్తంటే సొంత అక్కో మేనత్తో. చాటు మరుగు అన్నది పరాయి సంబంధాల్లోనే. కానీ వీళ్లు కడప చేరిన మొదటి వారంలోనే ఆయన అక్క ఒకావిడ పల్లె నుంచి దిగి, అత్త అల్లుడి ముందర ఎట్ల ఉండాలో, ఎట్ల ఉండకూడదో ఈ ముసలామెకు సైగలతో నేర్పి పోయిందట. కొండలూ అడవులూ దాటేటప్పుడు ఆయన భుజం పట్టుకుని నడిచిన మనిషి, బురదలో ఆయన్ను పేరు పెట్టి తిట్టిన మనిషి, ఇక్కడికొచ్చి మర్యాద నేర్చుకుని తలుపు చాటుకు పోయింది. నేర్పిన అక్క పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. నేర్చుకున్నామె మాత్రం కడపలో పుట్టిన ఏ అత్తా పాటించనంత నిష్ఠగా పాటించింది. పరాయి దేశంలో బతకడానికి వచ్చిన వాళ్లే అలా పాటిస్తారు.

కాబట్టి మధ్యలో ఒక మనిషి కావాలి, అదీ ఆడమనిషి కావాలి. సాయంత్రం బడి నుంచి వచ్చాక నేను వెళ్లి గడప పక్కన కూర్చునేదాన్ని. విడి మాటలు నా చేత అవ్వను అడిగించి పెట్టుకుని, వాటితో తాను కట్టిన వాక్యాన్ని ఆయన పడసాలలోంచి గట్టిగా చదివేవాడు. ఆరడుగుల దూరంలో ఉన్న అవ్వకు అది వినపడదా? వినపడుతుంది. అయినా నేను తల తిప్పి, "సరిగ్గా ఉందా అని అడుగుతున్నాడవ్వా" అనాలి. అవ్వ నాతో, "సరిగ్గానే ఉండాదని చెప్పు" అనాలి. నేను మళ్లీ ఇటు తిరిగి చెప్పాలి. ఇంతకంటే తెలివితక్కువ పని నేను జీవితంలో చేయలేదు. అయినా ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

ఎందుకింత తాపత్రయమని ఒకనాడు ఆయన్నే అడిగాను. అడగకుండా ఉండే గుణం నాకు లేదు. భార్య బతికున్నప్పుడు ఆ భాష నేర్చుకోలేదట. వాళ్లిద్దరికీ బర్మా మాట సరిపోయింది. చివరి రోజు ఆమె బర్మా మాట వదిలేసి, సొంత మాటలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన ముఖం చూస్తూ చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క తెలియలేదు.

"అవ్వ పక్కనే ఉంది కదా అన్నా. ఏం చెప్పిందని అడిగితే సరిపోదా?" అన్నాను.

"అడిగితే తెలుగులో చెప్తాది. నాకది తెలుగులో వద్దు" అన్నాడు.



మరి ఈ పని జరుగుతున్నదా? రెండు లావుపాటి నోటుబుక్కులు నిండాయి. ఆయన కొన్ని పుటలు ఎత్తి రాసి, మద్రాసులో భాషలు చదివిన ఒక ప్రొఫెసరుకు పంపాడు. జవాబు ఇంగ్లీషులో వచ్చింది. నన్ను చదవమన్నాడు. ఆ ప్రొఫెసరు మర్యాదగానే రాశాడు. శ్రమ కనిపిస్తున్నదన్నాడు. కానీ వాక్యాలన్నీ తెలుగు వాక్యానికి ఆ భాష మాటలు తొడిగినట్టు ఉన్నాయనీ, పక్క కొండల భాషలేవీ ఇలా నడవవనీ, వీటిని సరిచూస్తున్నది ఎవరో తెలుసుకోవచ్చా అనీ అడిగాడు.

ఆయనకు కోపం వచ్చింది. ఆయన కోపం ఎలా ఉంటుందో నేను చూసింది అదొక్కసారే. చెవి మీది సుద్దముక్క తీసి కిటికీలోంచి బయటికి విసిరాడు. "ఎవురు చూసినారంటే ఏందమ్మా? ఆ మాట నోట్లో పెట్టుకుని పుట్టిన మనిషే చూసింది. ఇంతవరకు ఒక్కటంటే ఒక్కటి తప్పు అనలేదు" అన్నాడు.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

నేను నాలుగో ఫారం పిల్లల కాంపోజిషన్లు దిద్దేదాన్ని. తప్పు లేని నోటుబుక్కు అంటే రెండే అర్థాలు నాకు తెలుసు. పిల్ల పక్కదానిది చూసి రాసిందన్నా కావాలి, దిద్దిన టీచరు నిద్రపోయిందన్నా కావాలి. ఆ మాటే అన్నాను. ప్రొఫెసరు పక్షాన ఒక పావుగంట వాదించాను. ఆయన బండల వంక చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి సాయంత్రం ఒక బండ మీద ఇలాంటి అర్థం వచ్చే వాక్యం ఉంది: నిన్న మా అన్న ఏటి నుంచి చేపలు తెచ్చినాడు. ఆయనకు చెప్పకుండా నేను అన్నను చేపల చోట, చేపలను అన్న చోట పెట్టి రాసి, అవ్వ వైపు తిరిగి, నాకు చేతనైనట్టు చదివాను.

తలుపు వెనకాల అవ్వ పగలబడి నవ్వింది. "ఏం పాపా, చేపలు మనిషిని బుట్టలో ఏసుకోని వచ్చినాయా? తప్పు, తప్పు. తిప్పి చెప్పు" అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినావా టీచరమ్మా, ఎట్ల పట్టిందో" అన్నాడు.

"పట్టింది. ఇప్పుడు అదే వాక్యాన్ని నేను రాసినట్టే మీరు చదవండన్నా" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. అర్థమైంది. చదవడానికి ఇష్టం లేదు, చదవకుండా ఉండడానికీ లేదు. గొంతు సవరించుకుని, ఎత్తు దించులతో సహా చదివాడు. నేను యథాప్రకారం తల తిప్పి, "సరిగ్గా ఉందా అని అడుగుతున్నాడవ్వా" అన్నాను.

లోపల నవ్వు ఆగిపోయింది.

"సరిగ్గానే ఉండాదని చెప్పు" అంది అవ్వ.

నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన సుద్దముక్క కింద పెట్టేశాడు.

నేను గదిలోకి వెళ్లి అవ్వతో పోట్లాడాను. అన్నీ ఇట్లాగే చెప్పావా అంటే, అన్నీ కాదు, కొన్ని నిజంగా బాగున్నాయి అంది. ఎందుకు చెప్పావంటే, అల్లుని తప్పు పడతారా అని నన్నే అడిగింది. నేను ఊరుకోలేదు. రెండేళ్ల కష్టం మట్టి పాలు చేశావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి రాయను. అవ్వ తల వంచుకుని చాలాసేపు విని, చెవి గొట్టాలు సర్దుకుంటూ మెల్లగా అంది: "నా మాట ఈ ఊర్లో ఇంకెవురన్నా మాట్లాడతారా పాపా? తప్పో ఒప్పో, పొద్దుగుంకితే నా చెవిన పడతాంది. తప్పని చెప్తే ఆపేస్తాడని చెప్పలేదు."

ఆమె గుసగుసగానే అంది. అయినా బయటికి వినపడింది. ఆ ఇల్లు అంత చిన్నది.

తర్వాత పది రోజులు పడసాల శుభ్రంగా ఉంది. బండలు నల్లగా మెరుస్తూ ఉన్నాయి. పాలామె నడిమధ్య నుంచే నడిచి వచ్చి పోయింది. కాంపౌండరు ఎవరి నాలుకా చూడలేదు. అవ్వకు ఆ ఎండాకాలం దగ్గు పట్టుకుంది, రాత్రీ పగలూ వినపడేది. ఆయన మందు కలిపి గడప మీద పెట్టి వెళ్లేవాడు. ఆ దగ్గు వింటూ, ఈ ముసలామె పోతే ఆ మాట అడగడానికి మళ్లీ ఎవరూ లేరన్న సంగతి మా ముగ్గురికీ తెలుసు. పని ఆపించింది నేను. క్షమించమని అడిగే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎదురింటి వైపు కిటికీ మూసుకున్నాను.

పదకొండో రోజు పొద్దున ఆయనే వచ్చి పిలిచాడు. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. వెళ్లి చూస్తే గడప ముందర ఒక పళ్లెం. అందులో తమలపాకులు, వక్కలు, ఒక టెంకాయ, బొరుగులూ బెల్లమూ, కొత్త సుద్దముక్కల పెట్టె. మా సీమలో పిల్లవాణ్ని మొదటిరోజు బడికి పంపేటప్పుడు అయివారి ముందర పెట్టే పళ్లెం అది. యాభై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషి ఆ పళ్లెం వెనక బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు టీచరమ్మా" అన్నాడు. "అత్త అల్లుని తప్పు పట్టకూడదు, అది ఈ దేశం మర్యాదే, నేను కాదనను. కానీ అయివారు పిల్లోని తప్పు పట్టకపోతే అది శానా పెద్ద తప్పు. ఈ పొద్దు నుంచి నేను అల్లుడు కాను. బడికి వచ్చినా. చేర్చుకుంటాదో లేదో అడుగు."

నేను తల తిప్పి చెప్పబోయాను. చెప్పవలసిన అవసరం లేకపోయింది. అవ్వ తలుపు పట్టుకుని లేచి నిలబడి ఉంది. పళ్లెం చూసింది. ఆయన వంచిన తల చూసింది. ఆయన అక్క నేర్పిన పాఠాల్లో ఇది లేదు. చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఒక కాలు గడప దాటించింది, కాస్త ఆగి రెండోది.

పళ్లెంలోంచి ఒక బొరుగు తీసి నోట్లో వేసుకుని, ఆయన ఎదురుగా బండ మీద కూర్చుంది. కూర్చుని, తన మాటలో ఆయనతో నేరుగా ఏదో అంది. వేగంగా, కొండ దిగే నీళ్లలాగా.

ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "ఒక్క ముక్క తెలియలేదమ్మా" అన్నాడు నాతో. రెండు నోటుబుక్కులు రాసిన మనిషి. ఏడుస్తాడేమో అనుకున్నాను. నవ్వాడు. పంచె చెంగుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "ఇంకోసారి చెప్పు. మెల్లగా చెప్పు. నాలుక యాడ తగిలిందో చూడనీ" అన్నాడు. అంతవరకు ఊరందరి నాలుకలూ చూశాడు గానీ, ఏ నాలుక చూడాలో ఆ నాలుక తలుపు వెనక ఉండేది.

ఆ రోజు ఆయన పాత నోటుబుక్కుల్లోంచి నాలుగు బండలు నింపి చదివాడు. అవ్వ తడిచెయ్యి పెట్టి తుడుస్తూ పోయింది. తుడిచిన ప్రతిసారీ ఆయన ముఖం చూసేది, కోపం వచ్చిందేమోనని. రాలేదని తెలిశాక చెయ్యి జోరందుకుంది. మధ్యాహ్నానికి నాలుగు బండల మీదా కలిపి రెండు వాక్యాలు మిగిలాయి. నెల తిరిగేసరికి తాటాకు విసనకర్ర కాడతో ఆయన మోకాలి మీద ఒకటి వేసేది కూడా. దగ్గు తగ్గింది. మందువల్లనని డాక్టరు అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు.

మూడో నోటుబుక్కు ముప్పావు నిండేసరికి నాకు కర్నూలుకు బదిలీ అయింది. బండి ఎక్కే ముందు చెప్పి పోదామని వెళ్లాను. ఇద్దరూ ఒక బండకు అటూ ఇటూ కూర్చుని దేనిమీదో గట్టిగా తగువులాడుకుంటున్నారు. అంతా ఆ మాటలోనే. ఒక్క తెలుగు ముక్క లేదు. ఆయన తడుముకుంటూ, తప్పులు పోతూ, అయినా వదలకుండా. మధ్యలో దూరడానికి నాకు సందు దొరకలేదు. నా నోటితో వాళ్లకిక పనే లేదు. గోడ వెంబడి నడిచి బయటికి వచ్చేశాను. బర్మా నుంచి వచ్చే దారిలో పోయిన భార్య చివరగా చెప్పిన మాట ఆయనకు ఎప్పటికైనా తెలిసిందా అని మాత్రం నేను ఎన్నడూ అడగలేదు. అడగకుండా వదిలిన ప్రశ్న నా జీవితంలో బహుశా అదొక్కటే.

కర్నూలు వెళ్లిన మరుసటి ఏడు ఆయన కార్డు వచ్చింది. గింజలు పేర్చినట్టున్న రాత. నాలుగో నోటుబుక్కు కూడా అయిపోయిందనీ, అన్నీ మద్రాసుకు పంపాననీ, ఈసారి ఇది తెలుగు మాదిరి ఏమాత్రం లేదని ప్రొఫెసరు సంతోషంగా జాబు రాశాడనీ ఉంది. కింద కొద్దిగా మిగిలిన చోట్లో ఇరికించి రాశాడు: "సారు మన నోటుబుక్కులు చదివి, ఆ మాటలో సొంతంగా పది వాక్యాలు కట్టి పంపినాడు. అయివారికి చదివి వినిపించినా. ఏడు తప్పులంట. పెద్ద చదువు చదివిన మనిషి. ఏమని రాయమంటావు టీచరమ్మా?"

తిరుగు టపాలో నేను కార్డు రాశాను: "ఏడని రాయండి."